జ్వరం లేని రోజున జ్వరమని రాసిన లీవ్ లెటర్లు: ఒక కతోలిక ప్రాథమిక పాఠశాలలో విలువల బోధన

నేపథ్యం

చిత్తూరు పట్టణంలో ఒక కతోలిక ప్రాథమిక పాఠశాల. కడప మేత్రాసనం (బిషప్ కింద ఉండే ప్రాంతం) పరిధిలోది, మఠకన్యల సభ ఒకటి నడుపుతుంది. ఎల్‌కేజీ నుంచి ఐదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం. పిల్లల్లో కతోలికులు కొద్దిమందే. ఎక్కువమంది హిందువులు, ఆ తర్వాత ముస్లింలు. ఆడుకునే చోట తెలుగు, తమిళం, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. తండ్రులు ఆటోలు, లారీలు తోలేవాళ్లు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు, చిన్న అంగళ్లు పెట్టుకున్నవాళ్లు. కొన్ని కుటుంబాలకు చుట్టుపక్కల పల్లెల్లో తోతాపురి తోటలున్నాయి. స్కూలువాళ్ల అనుమతితోనే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

టైంటేబుల్, పాఠ్యప్రణాళిక, పరీక్షల పద్ధతి సరిచేసుకోవాలనుకునే ప్రాథమిక పాఠశాలలకు తోడుండడం నా పని. ఇక్కడి హెచ్ఎం సిస్టర్ నన్ను పిలిచింది మాత్రం ఒక పుస్తకం కోసం. "పిల్లలు నోరు తెరిస్తే అబద్ధం మేడం. మంచి మోరల్ సైన్స్ పుస్తకం ఏదైనా చెప్పండి, కావాలంటే ఇంకో పీరియడ్ పెంచుతాము" అన్నారు.

అప్పటికే వారానికి రెండు పీరియడ్లు విలువలకు ఉన్నాయి. గంట కొట్టగానే కతోలిక పిల్లలు లేచి సత్యోపదేశానికి, అంటే తమ మతబోధకు, చాపెల్ పక్క గదిలోకి పోతారు. మిగతావాళ్లు తరగతిలోనే మోరల్ సైన్స్ చదవాలి. మిషనరీ స్కూళ్లలో చదివినవాళ్లందరికీ తెలిసిన ఏర్పాటే ఇది. కానీ సిలబస్ వెనకబడిన వారంలో మోరల్ సైన్స్ లెక్కల పీరియడ్ అయిపోతుంది. మూడో తరగతి పాపను "ఇప్పుడేం పీరియడ్?" అని అడిగితే "వాళ్లకు ప్రేయర్ మిస్, మాకు లెక్కలు" అని చెప్పింది. ఆ టైంటేబుల్ పిల్లలకు ఏం నేర్పుతోందో తెలుసుకోవడానికి నాకు ఆ ఒక్క జవాబు చాలు.

కాగితాల్లో కనబడింది

సిస్టర్ చెప్పిన ఫిర్యాదులు మూడు. పరీక్షల్లో చూసి రాస్తున్నారు. డైరీల్లో, ప్రోగ్రెస్ కార్డుల్లో అమ్మానాన్నల సంతకాలు తామే పెట్టేస్తున్నారు. పెన్సిళ్లు, రబ్బర్లు మాయమవుతున్నాయి, అడిగితే ఎవరూ ఒప్పుకోరు.

పుస్తకం సంగతి పక్కన పెట్టి, ముందు పిల్లలు రాసిన కాగితాలు చూపించమన్నాను. పిల్లల్ని పిలిచి అడిగితే పెద్దవాళ్లకు నచ్చే జవాబే చెప్తారు, కాగితం అట్ల చెప్పదు. ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షల జవాబు పత్రాలు, డైరీలు, ప్రోగ్రెస్ కార్డులు వచ్చాయి. నాలుగో తరగతి టీచర్ ఇంకో కట్ట కూడా తెచ్చి పెట్టింది: లీవ్ లెటర్లు.

కట్టంతా జ్వరమే. "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్" అని మొదలై, "గ్రాంట్ మీ లీవ్ ఫర్ టూ డేస్" అని ముగుస్తుంది ప్రతి ఉత్తరమూ. జూన్, జూలైలో మామిడి కోతలప్పుడు జ్వరం. వినాయక చవితి నుంచి కాణిపాకంలో 21 రోజులు బ్రహ్మోత్సవాలు జరుగుతాయి, అప్పుడూ జ్వరమే. ఒక అబ్బాయి ఉత్తరం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. నాలుగు గీతల మధ్య పొందిగ్గా కర్సివ్‌లో జ్వరం సంగతి రాశాడు. కింద వాళ్లమ్మ సంతకం. సంతకం పక్కనే బాల్ పెన్నుతో ఆమె చేతిరాత, తెలుగులో: "కాయలు కోసేదానికి పోయినాము మేడం, మనుషులు దొరకలేదు. ఏమనుకోవద్దు." ఒకే కాగితం మీద పిల్లవాడు జ్వరమన్నాడు, తల్లి నిజం చెప్పింది. ఉత్తరం పైన టీచర్ టిక్కు పెట్టి ఫైల్లో వేసింది. ఇంగ్లీషులో తప్పుల్లేవు కాబట్టి టిక్కు.

ఆ అబ్బాయినే అడిగాను, నీకు జ్వరం వచ్చిందా అని. వాడు తడబడలేదు. "లేదు మిస్. లెటరు అట్లే కదా రాసేది" అన్నాడు. అబద్ధం చెప్పానన్న ఆలోచనే వాడికి లేదు. మూడో తరగతి ఇంగ్లీషులో ఆ నమూనా నేర్పి, డిక్టేషన్ పెట్టి, పరీక్షలో అడిగి, మార్కులేసింది మనమే. మోరల్ సైన్స్ పీరియడ్ నేర్పుతున్న నిజాయితీని ఇంగ్లీషు పీరియడ్ చెరిపేస్తోంది, అదీ మార్కులిచ్చి మరీ.

ప్రోగ్రెస్ కార్డులో చివర నాలుగు వరుసలున్నాయి: నిజాయితీ, క్రమశిక్షణ, శుభ్రత, సహకారం. వాటికి ఎ, బి, సి గ్రేడ్లు. ఎట్ల వేస్తారని టీచర్లను అడిగాను. లెక్కల్లో, ఇంగ్లీషులో బాగా వచ్చినవాళ్లకు నిజాయితీలోనూ ఎ పడుతోంది. ఏ టీచరూ కావాలని చేసింది కాదు. తరగతి నిండా పిల్లల్ని పెట్టుకుని ఎవరి నిజాయితీ ఎంతో కొలవమంటే ఇంకేం చేస్తారు?

నేను రాకముందు చేసిన ప్రయత్నాలు

నెలకో విలువ అని చార్టులు కట్టారు. అసెంబ్లీలో ప్రతిజ్ఞ చేయించారు. వాటివల్ల నష్టం లేదు, లాభమూ లేదు. రెండు ప్రయత్నాల గురించి మాత్రం వివరంగా చెప్పాలి.

మొదటిది నక్షత్రాల పట్టిక. దొరికిన వస్తువు తెచ్చి టీచర్ బల్ల మీది డబ్బాలో వేస్తే పేరు పక్కన ఒక నక్షత్రం. మొదటి వారంలోనే డబ్బా నిండింది, అందరూ సంతోషపడ్డారు. రెండో వారం డబ్బాలో కొత్త రబ్బర్లు కనబడ్డాయి, కొన్నింటికి కవరు కూడా తీయలేదు. పిల్లలు అంగట్లో 5 రూపాయల రబ్బరు కొని, దొరికిందని తెచ్చి డబ్బాలో వేస్తున్నారు. ఒకడు తన పెన్సిలే ఇచ్చేసి, రాయడానికి పక్కవాడి పెన్సిల్ అడిగి దొరికిపోయాడు. డబ్బులేని పిల్లల పేర్ల పక్కన నక్షత్రాలు లేవు. టీచర్లు పట్టిక ఆపేయమన్నారు. ఒక సిస్టర్ మాత్రం పద్ధతి మంచిదే, నిఘా పెంచాలన్నారు. నేను చేరిన తర్వాత ఈ చర్చ మళ్లీ వచ్చినప్పుడు నా వాదన ఇది: నిజాయితీకి బహుమతి కట్టిన రోజునుంచి పిల్లల కళ్లు బహుమతి మీదే ఉంటాయి. ఇక నిఘా పెంచితే నేర్చుకునేది దొరక్కుండా ఎట్ల చేయాలన్నదే. ప్రోగ్రెస్ కార్డు గ్రేడు కూడా ఈ నక్షత్రం లాంటిదే, కాకపోతే అది ఇంటికి పోతుంది.

రెండోది ప్రమాణం. చిత్తూరులో పుట్టి పెరిగిన పిల్లకు కాణిపాకం వినాయకుడు ప్రమాణాల దేవుడని ఎవరూ చెప్పనక్కర్లేదు. పెద్దల తగాదాలు అక్కడ తెగుతాయని, అబద్ధం ఆడినవాణ్ణి స్వామి వదలడని ఇంట్లో వింటూనే ఉంటారు. గోలీల దగ్గర కూడా "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా రేయ్?" అంటారు. నాలుగో తరగతిలో ఒక కంపాస్ బాక్స్ పోయినప్పుడు, అప్పట్లో ఉన్న టీచర్ ఒకరు ఆ మాటే వాడి పిల్లల్ని వరసగా నిలబెట్టారు. అందరూ గబగబా ప్రమాణం చేసేశారు. ఒక పాప మాత్రం ఏడుస్తూ నిలబడిపోయింది, నోరు పెగల్లేదు. దొంగ దొరికిందనుకున్నారు. రెండు రోజుల తర్వాత కంపాస్ బాక్స్ పిల్లలొచ్చే ఆటో సీటు కింద దొరికింది. అసలు ఎవరూ తీయలేదు. ప్రమాణానికి భయపడింది ఆ తరగతిలో దేవుడంటే అందరికంటే ఎక్కువ భక్తి ఉన్న పిల్ల. ఆ పాప తల్లిదండ్రులు స్కూలుకొచ్చి అడిగినప్పుడు చెప్పడానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. భయం ఎప్పుడూ సున్నితమైన పిల్లనే పట్టుకుంటుంది. ప్రమాణం బైబిల్ మీదైనా ఇంతే అయ్యేదని సిస్టరే అన్నారు.

పుస్తకం ఎందుకు వద్దన్నాను

సిస్టర్ చేతిలో అప్పటికే మూడు పుస్తకాల శాంపిళ్లున్నాయి. మూడింట్లోనూ అబద్ధం ఆడినవాడు చివర్లో దెబ్బతింటాడు. నాన్నా పులి కథ మూడింట్లోనూ ఉంది. కెనడా పరిశోధకులు కాంగ్ లీ, విక్టోరియా తల్వార్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగం నాకు ఇక్కడ పనికొచ్చింది. మూడు నుంచి ఏడేళ్ల పిల్లలకు కథ చెప్పి, తర్వాత వాళ్లు చేసిన చిన్న తప్పును ఒప్పుకుంటారా లేదా అని చూశారు. నాన్నా పులి లాంటి కథ, అబద్ధమాడితే ముక్కు పెరిగే బొమ్మ కథ విన్నవాళ్లలో మార్పేమీ లేదు. చెట్టు కొట్టింది నేనేనని చెప్పి తండ్రి మెప్పు పొందిన జార్జ్ వాషింగ్టన్ కథ విన్నవాళ్లు మాత్రం ఎక్కువగా ఒప్పుకున్నారు. అదే కథలో మెప్పు తీసేసి శిక్ష పెడితే ఆ ప్రభావం పోయింది. ఇదే తల్వార్, లీ అంతకుముందు 2011లో పశ్చిమ ఆఫ్రికాలోని రెండు బడులను పోల్చి రాశారు. గట్టిగా శిక్షించే బడిలోని చిన్నపిల్లలు ఎక్కువగా అబద్ధమాడారు, దాన్ని నేర్పుగా కాపాడుకున్నారు కూడా.

హరిశ్చంద్రుడి సంగతి టీచర్లే అడిగారు. ఆ కథంటే నాకు చాలా గౌరవం. అయితే ఎనిమిదేళ్ల పిల్లవాడికి అందులో వినబడేది, నిజం చెప్తే రాజ్యం పోతుంది, భార్యాబిడ్డలు అమ్ముడుపోతారు అన్నది. హోంవర్క్ చేయలేదని చెప్పడానికే వణికే వయసులో నిజానికి అంత ధర చూపిస్తే ఎట్లా? హైస్కూల్లో చెప్పుకోవలసిన కథ అది.

కాబట్టి నేను సిస్టర్ ముందు పెట్టిన మాట ఇది: పిల్లలు అబద్ధం ఆడేది నిజాయితీ అంటే తెలియక కాదు, ఈ బడిలో నిజానికి ధర ఎక్కువ కాబట్టి. ఆ ధర ఎక్కడెక్కడ ఉందో వెతికి తగ్గించాలి. ఆ పని ఇంగ్లీషు పాఠంలో, జవాబు పత్రంలో, ఆఫీసులో జరగాలి. సిస్టర్ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ ప్రస్తావన వచ్చింది. పిల్లలకు భయం, ఆందోళన లేకుండా పాఠ్యప్రణాళిక ఉండాలని అందులో ఉంది. 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం మైనారిటీ స్కూళ్లకు ఆ చట్టం వర్తించదని చెప్పిందని ఆఫీసు నుంచి గుర్తుచేశారు. సిస్టర్ ఒకే మాటన్నారు: "చట్టం మనకు వర్తించకపోతే పోనీండి, భయం పిల్లలకు వర్తిస్తోంది కదా."

విడిపోయిన పీరియడ్

అన్నిటికంటే ఎక్కువ చర్చ జరిగింది సత్యోపదేశం మీద. దారులు మూడున్నాయి. సత్యోపదేశం ఎత్తేయడం ఒకటి. అది కుదరదు, కూడదు కూడా. కతోలిక తల్లిదండ్రులు అది కావాలనే పిల్లల్ని ఇక్కడ వేస్తారు, మైనారిటీ విద్యాసంస్థగా రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చిన హక్కు ఉంది. అందరినీ సత్యోపదేశంలో కూర్చోబెట్టడం రెండోది. ప్రభుత్వ గుర్తింపున్న బడిలో సంరక్షకుల సమ్మతి లేకుండా మతబోధకు పిల్లల్ని కూర్చోబెట్టకూడదని 28వ అధికరణం మూడో క్లాజు చెప్తుంది. చట్టం పక్కన పెట్టినా, అట్ల చేస్తే ఇన్నేళ్లుగా నమ్మి పంపుతున్న ఇళ్లకు ఏం జవాబు చెప్తారు? మూడోది, సత్యోపదేశాన్ని మొదటి గంటకు ముందు ఒక అరగంటకు, ఆదివారం చర్చిలో దివ్యబలిపూజ (మాస్) తర్వాత ఇంకో గంటకు జరిపి, బడి వేళల్లోని ఆ రెండు పీరియడ్లు పిల్లలందరికీ కలిపి ఉంచడం.

మూడో దారే పట్టాం. విచారణ గురువు (ఆ చర్చి ఫాదర్) మొదట ఒప్పుకోలేదు, పొద్దున్నే వచ్చేవాళ్లెవరన్నారు. ఆ భయం ఉత్తదేమీ కాదు, కొన్ని కుటుంబాలకు పొద్దున రావడం నిజంగానే కష్టమైంది. భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2024లో తమ పాఠశాలలకిచ్చిన మార్గదర్శకాలు ఇక్కడ ఉపయోగపడ్డాయి. ఇతర మతాల పిల్లల మీద క్రైస్తవ ఆచారాలు రుద్దవద్దని, అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించమని అందులో ఉంది. విచారణ (చర్చి సంఘం) సమావేశంలో ఒక పెద్దాయన, రిటైర్డ్ ఉపాధ్యాయుడు, లేచి చెప్పిన మాట కూడా పనిచేసింది: "రాధాకృష్ణన్ గారు తిరుపతిలో లూథరన్ మిషన్ బళ్లో చదువుకున్నారు. మిషన్ బడి ఆయనకు చదువిచ్చింది, ఆయన మతం ఆయనకే ఉంచింది. అట్లాంటి బడిని చూసి మనమెందుకు భయపడేది?"

నిలబడ్డ మార్పులు

మొదట లీవ్ లెటరు. మూడు నుంచి ఐదో తరగతి దాకా ఇంగ్లీషు టీచర్లతో కూర్చుని నమూనా మార్చాం. కారణం ఉన్న చోట ఖాళీ, ఆ ఖాళీలో అసలు కారణం. ఇంగ్లీషు రాకపోతే తెలుగులో రాయొచ్చు, ఇంట్లో తమిళమో ఉర్దూనో అయితే నోటితో చెప్పొచ్చు, టీచర్ ఇంగ్లీషు చేసిస్తుంది. భాషా పాఠంగానూ ఇది మెరుగైంది. జ్వరం వాక్యం బట్టీ పట్టడం పోయి, పిల్లలు తమ సొంత వాక్యాలు అడగడం మొదలుపెట్టారు. "కాయలు కోసేదాన్ని ఏమంటారు మిస్?" అని ఒకడు, "నలుగు పెట్టినారు అనేది ఎట్ల రాసేది?" అని ఒక పాప. ఆఫీసు వైపు నుంచి ఒక్కటే నియమం పెట్టాం: ఏ కారణం రాసినా తిట్టు లేదు, ఫైను లేదు. పదే పదే మానేస్తే టీచర్ ఇంటికి ఫోన్ చేసి మాట్లాడుతుంది.

మొదటి నెల కాగితాలు చూసి ఆఫీసు కంగారుపడింది. మామిడి, పెళ్లి, గుడి, ఇజ్తిమా (ముస్లింల మత సమ్మేళనం), అమ్మకు ఒంట్లో బాగలేక తమ్ముణ్ణి చూసుకోవడం. హాజరు పడిపోయిందన్నారు. హాజరు ముందు ఎంతో ఇప్పుడూ అంతే, మారింది కారణాలే. వాటిలో ఒక కారణం ఎవరూ ఊహించలేదు. రెండో తరగతి పాప, తెలుగులో, పెద్ద పెద్ద అక్షరాలతో: "ఫీజు కట్టలేదని క్లాసులో పేరు చదువుతారు అందుకు రాలేదు."

ఆ కాగితం చూసి సిస్టర్ కళ్లు తడిసాయి. ఆ వారమే స్టాఫ్ మీటింగ్‌లో ఫీజు బాకీల పేర్లు తరగతిలో చదవడం ఆపేశారు. బాకీ సంగతి ఆఫీసు తల్లిదండ్రులకే ఫోన్ చేసి చెప్తుంది, పిల్లల చెవిన పడకూడదు. ఒక బడి తన పిల్లల నుంచి నిజం అడిగితే, బడి గురించిన నిజం కూడా వస్తుంది. దాన్ని అందుకోవడానికి సిద్ధంగా లేని యాజమాన్యం ఈ పని మొదలుపెట్టకపోవడమే మేలు. ఈ మాట నేను ఏ స్కూల్లోనైనా మొదటి రోజే చెప్తాను.

తర్వాత జవాబు పత్రాలు. చూసి రాయడం, దొంగ సంతకం, రెండింటి వేరూ ఒకటే. తక్కువ మార్కులతో ఇంటికి పోతే దెబ్బలు. ఎఫ్ఏ మార్కులు మార్చడం మన చేతిలో లేదు. మార్కు తర్వాత ఏం జరుగుతుందో అది మన చేతిలో ఉంది. పేపర్లిచ్చిన రోజు ఒక పీరియడ్ దిద్దుకోవడానికే. పిల్ల తన తప్పు పక్కన ఆకుపచ్చ పెన్నుతో సరైన జవాబు రాసి, ఎందుకు తప్పయిందో ఒక ముక్క రాస్తుంది. "ఎక్కం మర్చిపోయినాను." "ప్రశ్న చదవలేదు." "పక్కన చూసి రాసినా, వాడిదీ తప్పే." ఈ మూడోది రాసిన అబ్బాయికి శిక్ష వేయాలా అని టీచర్ నన్నడిగింది. వద్దన్నాను. రాసింది నిజం, నష్టపోయింది వాడే, ఆ లెక్క మళ్లీ నేర్పితే చాలు. ఇంటికి ఆ కాగితమే పోతుంది, దిద్దుబాటుతో సహా. పేరెంట్స్ మీటింగ్‌లో టీచర్లు మార్కు చూపించడానికి ముందు ఆకుపచ్చ రాత చూపించి మాట్లాడారు. కొట్టడం అన్ని ఇళ్లలో ఆగిందని చెప్పలేను. దొంగ సంతకాలు మాత్రం బాగా తగ్గాయి. పిల్లలు కొత్తగా బుద్ధిమంతులై కాదు, దాచవలసిన అవసరం తగ్గి.

ప్రోగ్రెస్ కార్డు నుంచి విలువల గ్రేడ్లు తీసేయడానికి తల్లిదండ్రులే అడ్డుపడ్డారు. "మా వాడికి నిజాయితీలో ఎ ఉండేది, ఇప్పుడేమీ లేదా?" అని. గ్రేడు చోట టీచర్ తాను కళ్లారా చూసిన ఒక్క సంగతి రాసే వరుస పెట్టాం. "చిల్లర ఎక్కువొచ్చిందని క్యాంటీన్ అక్కకు తిరిగిచ్చింది" లాంటివి. చూడకపోతే ఖాళీగానే ఉంచాలి. టర్ముకోసారి ప్రతి పిల్ల గురించి ఒక వాక్యం రాయాలంటే టీచర్‌కు చాలా పని. అందుకే ఎక్కువ వరుసలు అడగలేదు.

కలిసి కూర్చున్న పీరియడ్లలో ఏం చెప్పాలన్నది చివరగా తేలింది. సత్యోపదేశం చెప్పే సిస్టర్ ఒక ఆలోచన తెచ్చారు. ప్రథమ దివ్యసత్ప్రసాదానికి (ఫస్ట్ కమ్యూనియన్) సిద్ధమయ్యే పిల్లలకు పాపసంకీర్తనం, అంటే గురువు దగ్గర తప్పులు ఒప్పుకోవడం, నేర్పేటప్పుడు ఒప్పుకోవడంతో సరిపోదని, జరిగిన నష్టాన్ని పూడ్చాలని కూడా చెప్తారు. బైబిల్లోని జక్కయ్య కథ అందుకే. మేడిచెట్టెక్కిన ఆ సుంకరి (పన్నులు వసూలు చేసేవాడు) అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానంటాడు. సిస్టర్ ఆ క్రమాన్ని మతం మాట లేకుండా మూడు ప్రశ్నలు చేశారు: ఏం జరిగింది? ఎవరికి నష్టమైంది? ఎట్ల సరిచేద్దాం? తరగతిలో ఏ గొడవొచ్చినా ఇవే మూడు. ఎవరు చేశారన్న ప్రశ్న వాటిలో లేకపోవడం గమనించండి. తరచుగా ఆ జవాబు దానంతటదే వస్తుంది.

నేను ఒక్క హద్దు గట్టిగా పట్టాను. దీన్ని ఎక్కడా పాపసంకీర్తనంతో పోల్చి పిల్లలకు చెప్పకూడదు, ఏ టీచరూ "ఎవరికీ చెప్పను" అని పిల్లకు మాటివ్వకూడదు. గురువు గోప్యత వేరు, టీచర్ బాధ్యత వేరు. పిల్ల మీద లైంగిక వేధింపు సంగతి బయటపడితే పోక్సో చట్టం, 2012 ప్రకారం తెలిసినవాళ్లు ఫిర్యాదు చేసి తీరాలి. నిజం చెప్పమని పిల్లల్ని ప్రోత్సహించే ఏ బడైనా, అట్లాంటి నిజం కూడా రావచ్చని ముందే సిద్ధపడాలి. స్టాఫ్‌కు దాని మీద విడిగా ఒక శిక్షణ పెట్టించాం.

కథలు ఇళ్ల నుంచి తెప్పించాం. ముస్లిం పాప ఒకతె అబ్దుల్ ఖాదిర్ జీలానీ కథ చెప్పింది, చొక్కాలో కుట్టిన 40 బంగారు నాణేల సంగతి దొంగలకే చెప్పేసిన బాలుడి కథ. కాణిపాకం దగ్గర్లోని పల్లె నుంచి వచ్చే అబ్బాయి శంఖుడు, లిఖితుడు అనే అన్నదమ్ముల కథ తెచ్చాడు. అడక్కుండా మామిడిపండు తిన్న లిఖితుడు రాజు దగ్గరికి తానే పోయి శిక్ష అడుగుతాడు, రాజు చేతులు నరికిస్తాడు, ఏట్లో మునిగితే చేతులు తిరిగొస్తాయి, అందుకే ఆ ఏరు బాహుదా. మహాభారతంలోనూ ఉన్న కథ ఇది. మామిడిపండు మాత్రం మన ఊరిది.

నాలుగో తరగతి ఆ పీరియడంతా మండిపోయింది. "ఒక్క కాయకు చేతులు నరుకుతారా?" "వాడే కదా ఒప్పుకున్నాడు, మరెందుకు నరికినారు?" "మా తోటలో అయితే మా తాత ఇంకోటి ఇచ్చి పంపుతాడు." తోటలున్న పిల్లలకు కాయ దొంగతనం అంటే ఏంటో తెలుసు, వాళ్లే ఎక్కువ దయ చూపారు. రాజు ఏం చేసి ఉండాల్సిందో రాయమని టీచర్ అడిగింది. "ఒక చెట్టుకు నీళ్లు పోయమనాలి" అని ఎక్కువమంది రాశారు. జ్వరం ఉత్తరం రాసిన అబ్బాయి మాత్రం "రాజు శిక్ష వేస్తే ఇంకెవరూ వచ్చి చెప్పరు" అని రాశాడు. సిస్టర్‌కూ నాకూ ఇన్ని మీటింగుల్లో తేలిన సంగతి అదే.

ఇంకా కుదరనివి

స్లిప్ టెస్టుల్లో చూసి రాయడం తగ్గినంతగా ఎఫ్ఏలలో తగ్గలేదు. మార్కు బరువున్న చోట ధర ఇంకా ఎక్కువే ఉంది. కొందరు పిల్లలు "నిజం చెప్పినా కదా మిస్" అన్నది కవచంలా వాడుకోవడం నేర్చుకున్నారు. కొళాయి విరగ్గొట్టిన ఐదో తరగతి అబ్బాయి వెంటనే ఒప్పుకుని వెళ్లిపోబోయాడు. టీచర్ ఆపి మూడో ప్రశ్న అడిగింది. కొళాయి బాగయ్యేదాకా చిన్న తరగతుల పిల్లలకు బిందె నుంచి నీళ్లు పట్టివ్వడం వాడి పని అయింది. నిజం చెప్తే తిట్టు ఉండదు, సరిచేయడం మాత్రం ఉంటుంది. ఈ తేడా పిల్లలకు అర్థం కావడానికి చాలా నెలలు పడుతోంది.

ఐదో తరగతి తర్వాత పిల్లలు వేరే హైస్కూళ్లకు పోతారు. అట్ల పోయిన ఒక పాప తల్లి మొన్న వచ్చి సిస్టర్‌ను అడిగింది: "అక్కడ జాతరకు పోయినానని రాస్తే ఫైను కట్టమంటారంట సిస్టర్. జ్వరమని రాయమంటే మా పిల్ల రాయనని కూర్చుంది. ఏం చేసేది మేము?" సిస్టర్ వెంటనే జవాబు చెప్పలేదు, మరుసటి రోజు ఐదో తరగతి టీచర్లను, నన్నూ కూర్చోబెట్టారు. "ఇంటి పని మీద" అని రాయడం ఎక్కడైనా నిజమే, అబద్ధం రాయనక్కర్లేదు, అన్నీ చెప్పుకోనక్కర్లేదు. ఎంత చెప్పాలి, ఎవరికి చెప్పాలి అన్నది కూడా పిల్లకు నేర్పాల్సిన విషయమే. ఫైను పడితే తల్లిదండ్రులు ఆ హెచ్ఎంను కలిసి మాట్లాడాలి, కావాలంటే సిస్టర్ తోడు పోతారు. ఆ తల్లి సరేనంది. ఈ ఏడు ఐదో తరగతి చివరి టర్ములో ఇంగ్లీషు టీచర్ దీన్ని పాఠంగా పెడుతోంది: ఒకే సంగతిని అమ్మమ్మకు, క్లాస్ టీచర్‌కు, కొత్త బడి హెచ్ఎంకు మూడు ఉత్తరాలుగా రాయడం, మూడూ నిజంగానే. పాఠం అయ్యాక పిల్లల ఉత్తరాలు చూసి, పై ఏడాదికి ఏం మార్చాలో టీచర్లతో కూర్చుని రాసుకుంటాం.